చెయ్యి వదిలితే ఆగే వించ్

పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈ రోజంతా ఒక్క వించ్ ఎంచుకోవడానికే సరిపోయింది. ఒళ్లు హూనమైంది. కొత్త కర్మాగారం పని మీద మా సర్వే జీపు రోజూ మా మకాం ఉన్న సెమిలిగుడ నుంచి కొండదారుల్లో తిరుగుతుంది. బురదలో దిగబడితే చేత్తో హ్యాండిల్ తిప్పి ఇనుప తాడుతో బయటికి లాగే వించ్ కావాలని ఎన్నాళ్లుగానో అడుగుతుంటే, ఇవాళ స్టోర్సులో రెండు చూపించారు.

పెద్దది ఎక్కువ బరువు లాగుతుందని మా ఆఫీసరు గారు దాని మీదే మనసు పడ్డారు. డ్రైవరు అప్పలనాయుడు ఒప్పుకోలేదు.

"లాగడం సరే బాబూ, మద్దిలో సెయ్యొదిలేస్తే ఆగతాదా? అది సూడాల."

ఒకదాని తర్వాత ఒకటి జీపు ముందు బిగించి, గట్టుపై చెట్టుకు తాడు కట్టి, వాలులో సగం దాకా లాగి హ్యాండిల్ వదిలేశాం. పెద్దదానికి జీపు జర్రున వెనక్కి జారింది. చక్రాల కింద రాళ్లు పెట్టబోతున్న నేను పక్కకు దూకాను. చిన్నదానికి అంగుళం కదల్లేదు.

"కొంచెం జారితే ఏమైందయ్యా?" అన్నారు ఆఫీసరు గారు.

అప్పలనాయుడు శాంతంగానే అన్నాడు: "అయితే ఈపాలి జీపు ఎనకాల తమరు నిలబడండి సార్. మల్లీ లాగతాను."

ఆయన వాలు వంక చూశారు. చిన్నదాని కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోయారు.

'తమరు నిలబడండి సార్' - ఇన్నేళ్ల ఉద్యోగంలో పైవాళ్లతో అనడానికి నా నోటికి రాని మాట అది. మీ ఆఫీసుల్లో ఆ మాట అనేవాళ్లు ఎవరైనా ఉన్నారా?