పాకం చెప్పే అంకెలు

తొంభైల్లో నిజామాబాద్‌లో పాలిటెక్నిక్ పూర్తిచేసి, బోధన్ వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీలో మీటర్లు చూసే పనిలో చేరాను. ఆ విభాగంలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఆ ఏడాదే పాకం వండే పెద్ద పాన్‌కు కంప్యూటర్ తెర బిగించారు. పాకం ఎంత చిక్కబడిందో అందులో అంకె కనిపించేది.

పాన్ దగ్గర పనిచేసేవాళ్లు ఆ తెరమీద తువ్వాల కప్పేశారు. "దుమ్ము వడ్తదని" అన్నారు. రెండుసార్లు కూర్చోబెట్టి వివరించాను. అందరూ తలలూపి, చివరికి పెద్ద పాన్‌మన్ ముఖం చూశారు. ఏళ్ల తరబడి పాకం ఎప్పుడు దించాలో చెప్పేది ఆయనే. కడ్డీతో కొంచెం తీసి గాజుముక్క మీద పూసి, వెలుతురుకు పట్టి, వేలితో రుద్ది చెప్పేవాడు. ఆయన చూడని తెరను వాళ్లెందుకు చూస్తారు?

మర్నాడు నేరుగా ఆయన దగ్గరికే వెళ్లాను.

"కాకా, నాకు పాకం సూసుడు నేర్పవా?"

ఆయన ఎగాదిగా చూశాడు. "వేళ్లు కాల్తయ్ బిడ్డా."

"కాలనీయ్."

కాలాయి కూడా. గింజ కట్టిన పాకం వేలికి సన్న ఇసుకలా తగులుతుందని ఆయన దగ్గరే తెలుసుకున్నాను. ఆయన ఒక మాట చెప్పినప్పుడల్లా, తువ్వాల కొంచెం ఎత్తి అంకె చూసి రాసుకునేదాన్ని. నాలుగో రోజు ఉండబట్టలేక అడిగాడు.

"గింజ కట్టినప్పుడు గది ఎంత సూపిస్తది?"

చెప్పాను. ఆయనే తువ్వాల తీసి భుజాన వేసుకున్నాడు. ఆ అంకెల పక్కన ఆయన మాటలనే తెలుగులో చీటీల మీద రాసి అతికించాం: గింజ కట్టింది, నీళ్లు కొట్టు, దించు.

ఒకరోజు తెర దించమంది, ఆయన వేలు వద్దంది. అందరూ నా వైపు తిరిగారు. కాకా మాటే వినమన్నాను. పాన్ ఖాళీ అయ్యాక చూస్తే, చిక్కదనం కొలిచి తెరకు అంకె పంపే లోపలి కడ్డీకి చక్కెర గడ్డకట్టి ఉంది.

"తప్పు నాదే కాకా, కడిగియ్యలే."

ఆయన పగలబడి నవ్వాడు. "గిది గూడ మన లెక్కనే ఉన్నది. తానం జేపియ్యకుంటె సక్కగ పని జెయ్యది!"

ఆ నవ్వుతో అందరి బెరుకూ పోయింది. కడ్డీ కడిగే పనికి వాళ్లే వంతులేసుకున్నారు. కొత్తగా రెంజల్ నుంచి వచ్చినవాళ్లకు ఆయనే చెప్పేవాడు, "ముందుగాల అంకె సూడు, ఎన్క వేలితోని సూడు. రెండు కలిస్తెనే దించు."

అంకె దగ్గరపడేదాకా మాటిమాటికీ లేచి పాన్ దగ్గరికి పోయే పని ఆయనకు తప్పింది. ఆ సీజన్‌లోనే మొదటిసారి ఆయన తీరిగ్గా స్టూల్ మీద కూర్చుని, వేడి చల్లారకముందే చాయ్ పూర్తిగా తాగడం చూశాను.