మబ్బులో నడిమి రొట్టె

“ఉద్యోగం మానేస్తా అవ్వా. ఇంగ నాతో కాదు.”

“మానేసి?”

“రాసుకుంటా.”

“అచ్చరాలు ఉడకేసుకోని తింటావా?”

“రెండూ చెయ్యలేక చస్తాండా. మబ్బుతో లేసి పోతే పొద్దు గూకినంక వస్తా. కాళ్ళు వాసిపోయింటాయి. ఇంగ పుస్తకం యాడ రాసేది?”

“మా అత్త సేద్యం చేసింది, బర్రెలు మేపింది, పిల్లోళ్ళను కనింది. ఏదన్నా ఒకటి మానేస్తా అనిందా?”

“మీ అత్త నవల రాయలేదు గదా!”

“రాయాల్సొచ్చింటే అదీ రాసేది. చేత కాకుంటే కాలేదని చెప్పు. ఉద్యోగం మీద పెట్టాకు.”

కోడుమూరులో మా వంటింట్లో, నేను జొన్న రొట్టెలు తడుతుండగా జరిగిన రగడ ఇది. ఎదురుగా కూర్చుని నాతో వాదించింది నా మనవరాలు కరుణ. నా కూతురి కూతురు. పాలు మరిచినప్పటి నుంచి నా దగ్గరే పెరిగింది. ఇప్పుడు బెంగళూరులో ఉంటూ విమానాల్లో పనిచేస్తుంది. అంటే ఎక్కేవాళ్ళకు నమస్కారం పెట్టి, బెల్టులు సరిచూసి, టీలు, నీళ్ళు ఇచ్చే పని. దాంతోపాటు నవలలు రాస్తుంది.

ఈ రగడ జరిగిన కొన్నాళ్ళకు నాకు ఎదురైన సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను. చర్చి బడిలో నాలుగో తరగతితో ఆగిపోయినదాన్ని. తప్పులుంటే దిద్దుకోండి.

నేను దయ్యాలను నమ్మిన మనిషిని కాదు. చిన్నప్పుడు మా ఊరి చింతచెట్టు మీద దయ్యముందని అందరూ చుట్టు తిరిగి పోయేవాళ్ళు. రాలిన చింతకాయలన్నీ నాకే దక్కుతాయని నేను ఆ చెట్టు కిందికే పోయేదాన్ని. చచ్చినవాళ్ళు దేవుడి దగ్గర నిద్రపోతుంటారు, వాళ్ళకు మనతో పనిలేదు అని మా నాయన చెప్పేవాడు. నేనూ అదే నమ్మాను.

కరుణ రాసే పద్ధతి మీకు కొంచెం చెప్పాలి.

విమానం లేచేముందు మధ్యలో నిలబడి చేతులతో చూపిస్తారు, బెల్టు ఇట్లా, తలుపులు అటు అని. మాటలు మైకులో వేరేవాళ్ళు చెబుతారు. చేతులు ఆ పని చేస్తుంటే దీని లోపల కథ నడుస్తుంటుందట. డ్యూటీలో ఫోను ముట్టకూడదు కదా, అందుకని తట్టిన వాక్యాన్ని మేము బైబిలు వాక్యం కంఠతా పట్టినట్టు పట్టుకుంటుంది. టీ కావాలా, కాఫీ కావాలా అని అడుగుతూనే లోపల దాన్ని పదేపదే చెప్పుకుంటుంది. దిగి, కంపెనీ బండి ఎక్కాక బొటనవేలితో ఫోనులో కొట్టుకుంటుంది. మొదటి నవల అట్లా వాక్యం వాక్యం కూడబెట్టి పూర్తి చేసింది. దీపం ఒత్తి కూడా పొదుపుగా వాడే నాకు, ఆ పిల్ల పొదుపు చూస్తే ముచ్చటేసింది.

ఆ నవల అచ్చుకు పోయినప్పుడు హైదరాబాదు ప్రచురణకర్త ఒక మాట దిద్దాడు. “మబ్బుతో లేచింది” అని ఇది రాస్తే, మబ్బుతో ఎవరైనా లేస్తారా, తప్పు అని కొట్టేశాడు. మా వైపు మబ్బంటే రెండు. ఆకాశంలో తేలేదీ మబ్బే, తెల్లారకముందు ఉండే చీకటీ మబ్బే. కరుణ ఎయిర్‌పోర్టు నుంచే ఆయనకు ఫోను చేసింది. “మా అవ్వ డెబ్బై ఏండ్లు మబ్బుతోనే లేచింది సార్, ఒక్క దినం కూడా తప్పు కాలేదు” అనిందట. మాట నిలిచింది. మీరు కూడా నా తప్పులన్నీ దిద్దండి గానీ, మబ్బును మాత్రం ముట్టకండి.

ఒకసారి విమానంలో ఎవరో ఒకాయన దీని పుస్తకమే చదువుతూ కనిపించాడట. అది నేనే రాసినానని ఎందుకు చెప్పలేదే అని అడిగాను.

“టీ పోసేటప్పుడు నేను టీ పోసేదాన్నే అవ్వా” అనింది.

ఆ మాటకు లోపల చాలా మురిశాను. పైకి మాత్రం, “చెప్పింటే ఇంగో నాలుగు కొనేటోడు” అన్నాను.

ఇక రెండో నవల. అది మా అక్క దానమ్మ కథ.

మేము పుట్టింది కోసిగి పక్క పల్లెలో. వానలు లేని ఏడు అక్కడివాళ్ళు మూటాముల్లె కట్టుకుని కన్నడ సీమకు పత్తి తీయడానికి పోతారు. దాన్ని సుగ్గి అంటారు. ఒక ఏడు మా అక్క కూడా ఊరివాళ్ళతో సుగ్గికి పోయింది. అప్పటికి పెళ్ళి కాని పిల్ల. అక్కడ జ్వరం వచ్చి చనిపోయింది. అక్కడే పూడ్చారు. మా ఇంట్లోవాళ్ళం ఆ సమాధి కూడా చూడలేదు. ఫొటో లేదు. నాకప్పుడు పాలపళ్ళు ఊడే వయసు. అక్క మొహం నాకు గుర్తులేదు.

కరుణ పుస్తకమంతా రాసింది. చివరి అధ్యాయం దగ్గర ఆగిపోయింది. చెల్లెలిని విడిచి అక్క బయలుదేరే ఘట్టం అది. పుస్తకాన్ని దాంతోనే ముగించాలని దాని పట్టు. ఆ రోజు వంటింట్లో అసలు రగడ అక్కడికే వచ్చింది.

“పోతా పోతా నీకేం చెప్పింది అవ్వా? అదొక్కటి తెలిస్తే అయిపోతాది.”

“నిద్రపోతాంటి. ఏం చెప్పిందో నాకేం తెలుసు?”

“గుర్తు తెచ్చుకో.”

“లేనిదాన్ని యాడ నుంచి తెచ్చేది? నువ్వే ఏదో ఒకటి రాయి. నవలే గదా.”

“రాసినా. రాసిందల్లా అబద్ధం మాదిరి ఉండాది. కొట్టేసినా.”

ఈ నెలాఖరుకు చివరి అధ్యాయం పంపకపోతే ప్రచురణకర్త ఇంకో పుస్తకం అచ్చు వేసుకుంటాడట. “అంతలో రాకుంటే ఉద్యోగమన్నా మానాల, రాసేదన్నా మానాల” అని చెప్పి, నేను కట్టిచ్చిన రొట్టెలు కూడా తీసుకోకుండా బస్సెక్కింది. దాన్ని రెండూ వదలొద్దని నేను తిట్టింది ఎందుకంటే, ఆ రెండింటిలో ఏది లేకపోయినా అది కరుణ కాదు. కానీ ఆ మాట నాకు తిట్టు రూపంలోనే వస్తుంది.

తరువాతి వారం కంటి పొర చూపించుకోవడానికి నేను బెంగళూరు పోవాలి. బస్సులో పోతానంటే కరుణ ఒప్పుకోలేదు. ఉద్యోగుల ఇంటివాళ్ళకు తక్కువలో వచ్చే టికెట్టు తీసి, తను డ్యూటీలో ఉన్న విమానమే ఎక్కించింది. నేను విమానం ఎక్కడం అదే మొదలు. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో మట్టమధ్యాహ్నం ఎక్కాను.

తలుపు దగ్గర కరుణ నీలం బట్టల్లో, కొప్పు బిగించి నిలబడి ఉంది. “నమస్కారం మేడమ్” అనింది. రగడ ఇంకా ఆరలేదని అర్థమైంది. “నమస్కారం తల్లీ” అని నేనూ లోపలికి పోయాను.

చిన్న విమానం. ఒక్కో పక్క రెండేసి సీట్లు. నాది వెనక వైపు కిటికీ సీటు. పక్క సీటులో ఎవరూ లేరు. కరుణ మధ్యలో నిలబడి చేతులు చూపిస్తుంటే కన్నార్పకుండా చూశాను. లోపల ఏ వాక్యం నడుస్తోందో అనుకున్నాను.

పైకి పోయిన కాసేపటికి మబ్బుల్లో దూరాము. కిటికీ బయట తెల్లగా ఉన్నది కాస్తా బూడిదరంగుకు తిరిగింది. విమానం ఊగింది. అందరినీ బెల్టులు పెట్టుకోమన్నారు. కరుణ కూడా వెనక తన సీటులో కూర్చుని బెల్టు కట్టుకుంది. అక్కడ అమ్మే తిండి కొనడం నాకు ఇష్టం లేదు. మూట విప్పి, తెచ్చుకున్న ఎండు రొట్టె బయటికి తీశాను. అది నిండు రొట్టె. ఇంకా తుంచలేదు.

తల తిప్పి చూస్తే పక్క సీటులో ఒక పిల్ల కూర్చుని ఉంది.

ఎప్పుడు వచ్చిందో చూడలేదు. ముందు సీటు నుంచి మారిందేమో అనుకున్నాను. పదహారు పదిహేడేళ్ళుంటాయి. నల్లని పిల్ల. నూనె రాసి బిగించిన జడ. ముతక చీర, మోచేతుల దాకా పత్తి కాయలు గీరిన గీతలు. ఇట్లాంటి పిల్లలు కూడా విమానాలెక్కుతున్నారు, మంచి కాలమే వచ్చింది అనుకున్నాను.

“ఇది మబ్బేనా మే?” అనింది.

నా మనవరాలి కంటే చిన్నది, తన ఈడు పిల్లను పిలిచినట్టు నన్ను “మే” అనింది. ఒళ్ళు మండింది. అయినా కొత్తగా ఎక్కినట్టుంది, భయపడుతోందేమోనని, “మబ్బే” అన్నాను.

“నేను మబ్బుతో పోతి. నువ్వు లెయ్యలేదు.”

ఈ పిల్ల ఏమంటోందో అర్థం కాలేదు. ఆకలితో ఉందేమోనని రొట్టె చేతిలో పెట్టాను. తిండి దగ్గర నేను పిసినారిని కాను, పారేయడమే నాకు గిట్టదు. ఆ పిల్ల రొట్టెను తుంచలేదు. చుట్టూ తిప్పుతూ అంచులు మాత్రం తినింది. మధ్యలో మెత్తటి భాగం గుండ్రంగా మిగిల్చి నా చేతిలో పెట్టింది.

“నడిమిది నువ్వు తిను. పండ్లొచ్చినంక అంచులు తిందువులే” అనింది.

నాకు దవడ పళ్ళు ఎప్పుడో పోయాయి. ముసలిదాన్ని ఎగతాళి చేస్తోందని కోపం వచ్చి, ఆ ముక్కను మూటలో కట్టేసి కిటికీ వైపు తిరిగాను. మబ్బు దాటి ఎండలో పడ్డాము. గట్టిగా నాలుగు మాటలు అందామని మళ్ళీ తిరిగితే, సీటులో ఎవరూ లేరు.

దిగేదాకా ఆ పిల్ల కోసం చూశాను. కనబడలేదు. అందరూ దిగాక కరుణ నా మూట పట్టుకోవడానికి వచ్చింది.

“నా పక్కన కూచున్న పిల్ల ముందే దిగిపోయిందా?” అన్నాను.

“ఏ పిల్ల? నీ పక్క సీటు ఖాళీ అవ్వా. తలుపు ముయ్యకముందు తలకాయలు లెక్కపెట్టింది నేనే గదా.”

“మరి మబ్బులో ఉన్నప్పుడు?”

“నీ వెనకాలే కూచోనుంటిని. నువ్వొక్కదానివే ఉండావు. కిటికీలోకి చూస్తా ఏదో గొణుక్కుంటాంటివి.”

రొట్టె సంగతి చెప్పలేదు, ఆ పిల్ల మాటలూ చెప్పలేదు. ఉద్యోగంతో, పుస్తకంతో సతమతమయ్యే పిల్లకు అవ్వ మతి కూడా ఒక దిగులు కావడం ఎందుకు?

కరుణ గదికి చేరాక మూట విప్పాను. నడిమి రొట్టె అందులోనే ఉంది. అంచులు లేవు. ఎండు జొన్న రొట్టె అంచు నేను కొరకలేను, ఎన్నో ఏళ్ళుగా నీళ్ళలో నానబెట్టుకునే తింటున్నాను. ఆ ముక్కను చూస్తూ ఉంటే, ఎప్పుడూ గుర్తురానిది ఒకటి గుర్తొచ్చింది. నాకు పాలపళ్ళు ఊడుతున్నప్పుడు, గట్టి అంచులు తను తిని, మెత్తటి నడుమ నాకు పెట్టేది ఎవరో కాదు, మా అక్క.

ఆమె వచ్చిందని నేను చెప్పను. మా నాయన చెప్పింది కాదనడానికి నాకు నోరు రాదు. నా కంటికి పొర ఉంది, అది చూపించుకోవడానికే పోయాను కూడా. కంటి పొర వల్ల లేని మనిషి కనబడిందనే అనుకుందాం. కంటి పొర రొట్టె తినదు కదా. ఇప్పటికీ నాకు ఇది తేలలేదు. ఇక మరునాటి పొద్దున జరిగింది జరిగినట్టు రాస్తాను.

మబ్బుతోనే లేచాను. కరుణ అప్పటికే తయారై, నీలం బట్టల్లో, కొప్పుతో, గోడకానుకుని నేల మీద కూర్చుని ఫోనులో కొడుతోంది.

“అయిపోయింది అవ్వా. చివరిది. ఇప్పుడే పంపిచ్చినా.”

“ఎట్ల వచ్చింది?”

“నిన్న మబ్బులో ఊగుతాంటే నేను బెల్టు కట్టుకోని కూచున్న్యా గదా, అప్పుడొచ్చింది. దిగేదాకా నోట్లోనే పట్టుకోనుంటి.”

“చదువు.”

చదివింది. అక్క మబ్బుతో లేస్తుంది. చెల్లెలు నిద్రలో ఉంటుంది. లేపబోయి లేపదు. రొట్టె అంచులు తను తిని, మిగిలింది చెల్లెలి తలాపున పెట్టి చెబుతుంది: “నడిమిది నువ్వు తిను. పండ్లొచ్చినంక అంచులు తిందువులే.”

పుస్తకం అక్కడితో అయిపోయింది.

“బాగుండాదా?” అని అడిగింది.

“బాగుండాది” అన్నాను. దాని పుస్తకాన్ని నేను ఎదురుగా మెచ్చుకోవడం అదే మొదటిసారి. అది నన్ను వింతగా చూసింది.

కింద కంపెనీ బండి హారన్ కొట్టింది. బూట్లు తొడుక్కుని, మెట్ల దగ్గర ఆగి, “ఉద్యోగం మానను లే. రేపు ఆస్పత్రికి పోదాం” అనేసి డ్యూటీకి పోయింది.

నేను లైటు ఆర్పి, టీ కాచుకుని, నడిమి రొట్టెను అందులో నానబెట్టుకుని తిన్నాను.