నాలలు కొట్టే జాగాలో ఇరవై ఆరు రోజులు

ఉదయం ఐదు నలభైకి నిజామాబాద్ స్టేషన్‌లో దిగాం. మొత్తం ఆరుగురం. సుబేదార్, నేను, వైర్‌లెస్ జవాను, ముగ్గురు సాపర్లు. అరవై ఐదు యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది చలికాలం. నేను అప్పటికి నాయక్‌ని. సాపర్ అంటే తుపాకీ పట్టుకుని ముందుకు ఉరికేవాడు కాదు. ఉరికేవాడి కాలి కింద ఏముందో ముందే చూసేవాడు. మా ఊరు వేల్పూర్. స్టేషన్ బయట బస్సెక్కితే పొద్దెక్కేలోపు ఇంట్లో ఉండొచ్చు. ఒక్క పూట సెలవు అడిగాను. "ముందు పని కానీ" అన్నాడు సుబేదార్. ఆయనది పంజాబ్. మాట్లాడేది హిందుస్తానీ. ఆయన మాటలు ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

ట్రక్కులో బోధన్ దాటి ఇంకో నాలుగు మైళ్లు వెళ్లాం. దారి పొడుగునా చెరుకు బండ్లు. మా హారన్‌కు ఒక్క ఎద్దు కూడా తప్పుకోలేదు. యూనిఫాం అంటే ఎద్దులకు లెక్క లేదని ఆ రోజే తెలిసింది. తొమ్మిది పదికి డేరాలు వేశాం.

ఎదురుగా రెండెకరాల చదును నేల. బాగా పాతకాలంలో ఏదో పల్టన్ అక్కడ ఫిరంగి గుళ్లు పేల్చడం నేర్చుకుందట. పేలని గుళ్లు మట్టిలోనే ఉండిపోయాయి. జనం ఆ సంగతి మరిచిపోయారు. తర్వాత అది చెరుకు బండ్లు ఆగే జాగా అయింది. నాల్‌బంద్ అక్కడే కూర్చుని ఎద్దుల కాళ్లకు నాలలు కొట్టేవాడు. అరిగిన నాల ఊడదీసి అక్కడే పారేసేవాడు. వంగిన మొల కూడా అక్కడే. ఏళ్లకు ఏళ్లు అదే పని. చివరికి ఆ నేలను సాగులోకి తెద్దామని దాని సొంతదారు రాజన్న నాగలి కట్టాడు. మూడో సాలులో గుండు పేలింది. ఎద్దు చచ్చింది. రాజన్నకు కుడికాలు పోయింది, నిజామాబాద్ దవాఖానలో పడి ఉన్నాడు. అందుకే మమ్మల్ని పిలిపించారు.

మధ్యాహ్నం రాజన్న భార్య గంగవ్వ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. నా తెలుగు విని దగ్గరికి జరిగింది.

"ఏ ఊరు తమ్మీ?"

"వేల్పూర్ అక్కా."

"గట్లనా! నా తల్లిగారిల్లు జక్రాన్‌పల్లి. చెరుకు ఎన్నడు పెట్టుకోవాలె మేము?"

"నేల సాఫ్ అయినంక."

"మాఘం ఎల్లిపోతె పెట్టినా ఫాయిదా లేదు. ఆయనకు కాలు పాయె. గీ నేల సుత లేకపోతె మేం ఏం తిని బతకాలె?"

భుజాన హోదా పట్టీలున్న నాయక్‌ని, ఏదో చెప్పాలి కదా అని "సూద్దాం అక్కా" అన్నాను.

మా దగ్గర రెండు మిషన్లున్నాయి. ఇనుము ఉంటే చెవిలో కూత పెట్టే మిషన్లు. కర్ర చివర పళ్లెం, చెవులకు హెడ్‌ఫోన్, వీపు మీద బ్యాటరీ. కొత్తది చాలా చురుకైనది. మూరెడు లోతున గుండు ఉన్నా వింటుంది. కానీ మొల ఉన్నా అంతే గట్టిగా అరుస్తుంది. రెండింటికీ ఒకటే కూత. దాన్ని పట్టుకుని బారెడు వెడల్పున పది అంగలు నడిచాను. పందొమ్మిది కూతలు. కూత కూతకూ బోర్లా పడుకుని, సన్నని సూజతో ఏటవాలుగా పొడిచి, చేత్తో మట్టి తీయాలి. పందొమ్మిదీ మొలలే. గంటన్నర పోయింది. పాత మిషన్ ముసలిది. బ్యాటరీ పెట్టె బిందెడు నీళ్లంత బరువు. మొలలను పట్టించుకోదు. జానెడు లోపల గుండు ఉంటే మూలుగుతుంది. జానెడు దాటిందా, చెవిటిదే.

మీరైతే ఏది తీసుకుంటారు? మా ఊళ్లో ఎవర్ని అడిగినా మంచి మిషనే తీసుకుంటామంటారు. ఇనుము నిండిన నేలలో మంచి మిషనే పనికిరాదు.

"ఊరు నీది, భాష నీది. నువ్వే చెప్పు" అన్నాడు సుబేదార్.

లెక్క వేశాను. కొత్తదానితో ఆరు నెలలు. పాతదానితో ఇరవై ఐదు రోజులు.

"పాతది సాబ్."

"జానెడు దాటినవి?"

"కర్ర నాగలి జానెడుకు మించి దిగదు సాబ్."

తప్పు లెక్క కాదు అది. గంగవ్వ కోసమే అలా చెప్పానని నన్ను నేను నమ్మించుకున్నాను. ఇంటికి పోవాలన్న తొందర కూడా అందులో ఉంది. ఇన్నేళ్లకు దాచడం ఎందుకు?

పొద్దున ఆరున్నరకు మొదలు, పదకొండున్నరకు ఆపడం. ఎండెక్కితే చెవులు మొద్దుబారతాయి. సాయంత్రం మూడు నుంచి ఐదున్నర దాకా మళ్లీ. మిషన్‌తో చూసి సాఫ్ అయిందనుకున్న చోట తెల్లజెండా పాతేవాళ్లం. జెండా దాటి రావద్దని ఊరికి చాటింపు వేయించాం. ఇరవై మూడు రోజుల్లో ఏడు గుళ్లు దొరికాయి. దొరికినప్పుడల్లా వైర్‌లెస్ జవాను అడిగేవాడు. "గుండు ఒకటి. చిన్నది. పేల్చమంటారా?" అవతలి నుంచి "పేల్చండి." అంతే మాట. మిగిలిన నేల కొంచెమే. నాకు హుషారు వచ్చింది.

ఇరవై మూడో రోజు గంగవ్వ జొన్నరొట్టె, పచ్చడి తెచ్చింది. నేను తింటూ జెండాల వైపు చూపించాను.

"మాది అయిపోవచ్చింది అక్కా. గీ మొలలే నా పానం తీస్తున్నయి. గివి లేకుంటె గా కొత్త మిషిన్‌తోని సుత ఒక్కపారి సూసేటోన్ని. ఇంక రందే ఉండకపోవు."

"మొలలు ఏరితె అయితదా?"

"ఏరితె ఎందుకు కాదు?" అన్నాను రొట్టె నములుతూ. మాటవరుసకు అన్నాను. ఆమె దాన్ని తనకు చెప్పిన పనిగా తీసుకుంది.

ఇరవై నాలుగో రోజు. ఏడు ఇరవై. మంచు అప్పుడే విడుతోంది. నేను అవతలి కొసన ఉన్నాను. తలెత్తితే నలభై అంగల దూరంలో గంగవ్వ కనిపించింది. తెల్లజెండాల మధ్య కూర్చుని గుద్దలితో జానెడుకు మించి లోతుగా తవ్వుతోంది. నేలను పెళ్లగించి, చేత్తో తడిమి, దొరికింది తీస్తోంది. పసుపు తవ్వే ఆడవాళ్ల పని అది. వాళ్లు కళ్లతో చూడరు. గడ్డ చేతికి తగలగానే పైకి లాగి, మట్టి రాలేలా గుద్దలి కర్రకేసి ఒక్క దెబ్బ కొడతారు. పుట్టినప్పటి నుంచీ మా అవ్వ చేస్తుంటే చూశాను. గంగవ్వ చేతిలోకి మట్టి ముద్ద ఒకటి వచ్చింది. తర్వాత ఏం చేస్తుందో నాకు తెలుసు.

"అక్కా, కొట్టకు!" అని అరిచాను.

ఆమె తల ఎత్తి నా వైపు చూసింది. చెయ్యి మాత్రం ఆగలేదు.

గుండు మొత్తం పేలలేదు. దాని కొసన ఉండే చిన్న మందు మాత్రమే పేలింది. మొత్తం పేలి ఉంటే అక్కడే ప్రాణం పోయేది. ఆమె పక్కకు ఒరిగి, మళ్లీ లేచి కూర్చుంది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర్నుంచి లేదు. నేను ఉరకబోయాను. సుబేదార్ నా బెల్టు పట్టుకుని వెనక్కి లాగాడు.

"జెండాల కింద గుండు దొరికింది. ఇక ఏ జెండానూ నమ్మను. కొత్త మిషన్ తీసుకో. అంగుళం వదలకుండా పో."

"సాబ్, కొత్తదానితో గంట పడుతుంది."

"ఒకరికి బదులు ఇద్దరు పోతారా? ఇది ఆర్డర్."

ఎండి గట్టిపడిన నేల. ఆమె వచ్చిన అడుగుల్లోనే పోదామంటే అవి ఎక్కడా పడలేదు. పట్టీల సంచి విసిరాం. సగం దూరంలోనే పడింది. గట్టు మీద ఊరి జనం పోగయ్యారు. మా సాపర్లు చేతులు అడ్డం పెట్టి ఆపారు. "ఆడిమనిషి సస్తుంటె మిలిట్రోళ్లు సూసుకుంట నిలవడ్డరు!" అని రాజన్న తమ్ముడు దుమ్మెత్తి పోశాడు. ఏం తిట్టినా తక్కువే.

ఏడు ఇరవై ఆరుకు మొదలుపెట్టాను. కూత. పడుకున్నాను. పొడిచాను. మొల. కూత. నాల ముక్క. కూత. మొల.

"తమ్మీ, జల్ది రా."

"వస్తున్న అక్కా. కదలకు."

వెనక వైర్‌లెస్ మోగుతోంది. "గాయపడ్డ మనిషి ఒకరు. బండి కావాలి." "రోడ్డు మీదికి ఎప్పుడు తెస్తారు?" జవాను నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

"జెండా ఉన్న కాడనే తవ్విన తమ్మీ. అవుతల అడుగు పెట్టలే" అంది గంగవ్వ. తప్పు తనదేమోనని భయపడుతున్న గొంతు అది. నీ తప్పేం లేదక్కా అని అందామనుకున్నాను. అంతలో మిషన్ కూసింది. మొల.

ఎనిమిది ముప్పై ఐదుకు చేరాను. అప్పటికి ఆమె మాట ఆగిపోయి ఐదు నిమిషాలైంది, నాడి అందలేదు. ఆ నలభై అంగల్లో ఒక్క గుండు కూడా లేదు. ఉరికి ఉంటే అర నిమిషంలో చేరేవాణ్ని. సుబేదార్ ఆర్డర్ తప్పని ఈనాటికీ అనలేను. సరైనదనీ అనలేను.

ఇరవై ఆరో రోజు ఆ నేల చుట్టూ ముళ్లతీగ బిగించి, సాగు చేయరాదని బోర్డు పెట్టి వచ్చేశాం. నిజామాబాద్‌లో రైలుకు రెండు గంటల టైముంది. దవాఖాన గేటు దాకా నడిచాను. లోపల రాజన్న ఉన్నాడు. ఏమని చెప్పాలి? వెనక్కి తిరిగి స్టేషన్‌కు వచ్చాను. నా బతుకులో అంత పిరికిగా ఇంకెప్పుడూ లేను.

ఇప్పుడు పెన్షన్ తీసుకుంటూ ఊళ్లోనే ఉన్నాను. యుద్ధం సంగతులు చెప్పమని అడుగుతారు, చెబుతాను. కళ్లు మూస్తే మాత్రం కనిపించేది బోధన్ నేలే. నేను పది అంగల దూరంలో బోర్లా పడుకుని ఉన్నాను. గంగవ్వ రక్తం కారుతున్న చేతిని ఒళ్లో వదిలేసి, మంచిగా ఉన్న ఎడమ చేత్తో కొంగును బిగించి పట్టుకుని కూర్చుంది.

"అక్కా, కొంగు ఇడువు! గా చెయ్యిని గట్టిగ ఒత్తి పట్టుకో!"

ఆమె వదల్లేదు.

"కొంగుల మొలలున్నయి తమ్మీ. ఇడిస్తె మల్ల నీ తొవ్వలనే పడ్తయి."