సత్తిబాబును మధ్యలో ఆపిన రోజు

ఉడికిన వేరుశనక్కాయల వాసన తగిలితే ఇప్పటికీ నాకు నోరూరదు, సిగ్గేస్తుంది. పదో తరగతి పరీక్షలయ్యాక వచ్చిన వేసవిలో, నా స్నేహితుడు మాట్లాడుతుంటే మధ్యలో నోరు మూయించాను. నియమం ప్రకారమే చేశాను. అయినా తప్పే.

మాది మండపేట దగ్గర పల్లెటూరు, కాలవ నీళ్లతో రెండు పంటలూ పండే పొలాలు. ఆ సెలవుల్లో రాజమండ్రిలో అమ్మమ్మగారింట్లో ఉండి, పొద్దున్నే కొత్తావకాయతో చద్దన్నం తిని, స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకి వెళ్లేవాణ్ణి. మేడ మీద రేకుల షెడ్డు, కిర్రుమంటూ తిరిగే ఫ్యాను, కింద బండి మీద ఉడుకుతున్న వేరుశనక్కాయల ఆవిరి, పక్కన చెమటతో తడిసిన చొక్కాతో సత్తిబాబు. వాడిది పోలవరానికి ఎగువన, గోదారి ఒడ్డునే ఉన్న చిన్న ఊరు. తండ్రి లేడు, రాజమండ్రిలో పిన్ని ఇంట్లో ఉండి చదువుకునేవాడు. క్లాసయ్యాక ఇద్దరం రేవులో ఈదేవాళ్లం. ఈతలో వాణ్ణి ఎన్నడూ గెలవలేకపోయాను.

శనివారాలు డిబేటు. గొడవ పుట్టే విషయమైతేనే పిల్లల నోరు తెరుచుకుంటుందని మాస్టారి నమ్మకం. మద్యనిషేధం, రిజర్వేషన్లు, ప్రేమ పెళ్లిళ్లు, అన్నిటి మీదా వచ్చీరాని ఇంగ్లీషులో కొట్టుకునేవాళ్లం. మాట్లాడి కూర్చున్నవాడి చేతికి స్టీలు గ్లాసూ చెంచా ఇచ్చేవారు. తర్వాతివాడి నోట తెలుగు రాగానే గ్లాసు మోగించాలి. అంతటితో వాడి వంతు సరి.

ఆ శనివారం విషయం పోలవరం డ్యామ్ కట్టాలా, వద్దా అని. కట్టాలనే వైపు నేను. నీళ్లు, పంటలు, కరెంటు అంటూ బట్టీపట్టింది గడగడా అప్పజెప్పి, చప్పట్లు కొట్టించుకుని గ్లాసందుకున్నాను. వద్దనే వైపు సత్తిబాబు. "మై విలేజ్... వాటర్ కమ్స్..." అంటూ కొంత నడిపాడు. ఆ తర్వాత మాట దొరకలేదు. కిటికీలోంచి బయటికి చూశాడు.

"మా నాన్నని మా చేలోనే పాతిపెట్టామండి. నీళ్లొస్తే మా నాన్న..."

మోగించాను.

అందరూ గొల్లున నవ్వారు. "తెలుగొచ్చేసిందిరోయ్, దిగు దిగు!" అన్నారెవరో వెనక బెంచీలోంచి. "రూలంటే రూలు కదా బాబూ, కూర్చో" అన్నారు మాస్టారు, మెత్తగానే. సత్తిబాబు నావైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది.

మెట్ల దగ్గర, "ఊరికే ఆటే కదరా" అన్నాను.

"అవున్లే" అన్నాడు.

మళ్లీ క్లాసుకి రాలేదు. వాళ్ల పిన్నిగారిల్లు మా అమ్మమ్మగారి వీధి చివరే. అయినా నేను వెళ్లలేదు. నా ఇంగ్లీషు బాగుపడింది, దానితోనే ఉద్యోగమూ వచ్చింది.

ఇప్పుడా రేకుల షెడ్డు లేదు, మాస్టారూ లేరు. సత్తిబాబు ఊరు నీళ్లకింద ఉంది. పోయినేడు, ఖాళీ చేయించినవాళ్లకి కట్టిన కాలనీలో వాణ్ణి వెతికి పట్టుకున్నాను. జుట్టు నెరిసింది, నవ్వు అదే. "ఆ రోజు నిన్ను చెప్పనివ్వలేదు. తప్పయిపోయిందిరా. ఇప్పుడు చెప్పు" అన్నాను.

"ఇప్పుడు చెప్పి ఏం చేస్తాంరా. రా, చూపిస్తాను" అన్నాడు.

ఇంజను పడవ మాట్లాడుకుని ఎగువకు వెళ్లాం. గట్టు లేదు, చేను లేదు, ఎటు చూసినా ఒకటే నీరు. "ఇక్కడే" అన్నాడు. ఇంజను ఆపించాను. దండం పెట్టబోయి చేతులు దించేశాడు.

"కాదేమోరా. ఇంకాస్త పైనేమో."

పడవ పైకి పోనివ్వమన్నాను. చీకటి పడేదాకా, వాడు ఆపమన్న ప్రతిచోటా ఆపించాను.