ఇనుము మీద అక్రోటు కర్ర

రంగులక్కను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఆ వీధిలో ఎవరూ లేరు. ఇనప బీరువాలు చేసే కార్ఖానాలో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆమె పని ఒక్కటే: ఇనుమును కర్రలా కనిపించేట్టు చేయడం. ముందు లేత గోధుమరంగు పూత. అది ఆరాక పల్చటి ముదురు రంగు. ఆ తడి మీదే, రబ్బరు ముక్కను పళ్ళు పళ్ళుగా కోసి చేసుకున్న దువ్వెనతో పైనుంచి కిందికి ఒక్క లాగు లాగితే టేకు చారలు వచ్చేసేవి. కొనడానికి వచ్చినవాళ్ళు వేలితో తట్టి, టంగుమని మోగితే ఉలిక్కిపడేవాళ్ళు. ఆ ఉలికిపాటు చూడడమంటే ఆమెకు మహా సరదా.

ఆమె మొగుడు వడ్రంగి. అందరూ మేస్త్రీ అంటారు. ఇనప కుర్చీ వేస్తే కూర్చోకుండా నిలబడే మాట్లాడి వచ్చేసే రకం.

"ఏమే, ఇవాళ ఎంతమంది కళ్ళకు గంతలు కట్టొచ్చావు?" అనేవాడు, పెళ్ళాం పనినుంచి రాగానే.

"నీ కర్రకు చెదలు పడతాయి. నా కర్రకు పట్టమను చూద్దాం!" అనేది ఆమె, చెప్పులు విడుస్తూ.

పెళ్ళైన నాటినుంచీ అదే మాట, అదే జవాబు. ఇద్దరికీ విసుగన్నది పుట్టలేదు.

ఆ కారు వీధి చివరి మెకానిక్ షెడ్డుకు లారీ మీద వచ్చింది. ఫ్రాన్సులో తయారైన ఫాసెల్ వేగా. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది; ఉన్నన్నాళ్ళూ చేసినవీ కొన్నే. బారెడు ముక్కు, రెండే తలుపులు, దూరాభారాలు హాయిగా పోవడానికి కట్టిన దొరల బండి. మూతేసిన ఒక హోటలు వెనక రేకుల కొట్టంలో పాతికేళ్ళు దుమ్ము తింటూ పడున్నదాన్ని, ఆ ఊరి పళ్ళ డాక్టరమ్మ ఒకావిడ ఆస్పత్రి మానేసిన ఏడాది కొనుక్కుంది. "అక్కా, నీకేమైనా మతి పోయిందా?" అని చెల్లెలు అడిగితే, "ఇన్నాళ్ళూ ఉందిగా, ఏం చేసుకున్నాను?" అందట.

ఇంజను సంగతి మెకానిక్ చూసుకున్నాడు. మిగిలింది డాష్‌బోర్డు. ఈ తలుపునుంచి ఆ తలుపుదాకా సుడులు సుడులుగా అక్రోటు కర్ర, దాని మీద వార్నిషు పొలుసులు లేచిపోయి ఉంది. మెకానిక్ మేస్త్రీకి కబురంపాడు. ఆదివారం పొద్దున మేస్త్రీ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఉలుల సంచీ దులిపి మరీ బయల్దేరాడు.

"అక్రోటే! నా జన్మలో రెండుసార్లు ముట్టుకున్నానేమో" అన్నాడు గుమ్మంలో.

గంట తిరక్కుండా వచ్చేశాడు. చెంబెడు నీళ్ళు తాగి గోడకు చేరగిలబడ్డాడు.

"ఏమైందయ్యా?" అంది రంగులక్క.

"ఏం కాలేదు."

"మరి ఆ మొహమేంటి?"

"ఉలి మొన విరిగింది."

"మేకు తగిలిందా?"

మేస్త్రీ సంచీలోంచి ఉలి తీసి ఆమె ముందు పెట్టాడు. "అది కర్ర కాదే. రేకు. ఎవడో రంగేశాడు."

రంగులక్క ముందు నమ్మలేదు. నమ్మాక కడుపు పట్టుకుని నవ్వుతూ కూలబడింది. కళ్ళ నీళ్ళు తుడుచుకోవడం, మొగుడి మొహం చూడడం, మళ్ళీ మొదలుపెట్టడం. ఆఖరికి మేస్త్రీకీ నవ్వాగలేదు.

"సర్లే, చాల్లే" అన్నాడు. "నువ్వొకసారి రావాలి. ఉలి తగిలి బెత్తెడు మేర రంగు లేచిపోయింది. మెకానిక్ చూళ్ళేదు."

"చూళ్ళేదని చెప్పకుండా వచ్చావా?"

"నోరు రాలేదు."

ఆమె అతన్ని వెంటబెట్టుకుని షెడ్డుకు వెళ్ళింది. డాక్టరమ్మ అక్కడే ఉంది. మేస్త్రీ తల గోక్కుంటూ జరిగింది చెప్పేశాడు. "తప్పు నాదేనండి. కర్రనుకున్నాను. ఈవిడ మా ఆవిడ. దొంగ కర్ర చేయడంలో ఈవిణ్ణి మించినవాళ్ళు లేరు" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ మాట అతని నోట వినడం రంగులక్కకు అదే మొదటిసారి.

డాక్టరమ్మ కోప్పడలేదు. "నలభై ఏళ్ళు కట్టుడు పళ్ళు కట్టి బతికినదాన్నయ్యా. నా దగ్గరా దొంగ కర్ర, అసలు కర్ర అంటావు? చక్కగా అతికితే చాలు. ఏమ్మా, చేస్తావా?"

"చూసి చెప్తానండీ" అంది రంగులక్క.

చూస్తూ కూర్చుంది. స్టీరింగు వైపు రంగంతా పాడైంది కానీ, పక్క సీటుకు ఎదురుగా ఉన్న చిన్న అర మూత మీది రంగు చెక్కుచెదరలేదు. దాన్ని ఊడదీయించి వెలుతురులోకి తెచ్చుకుని వేలితో తడిమింది. ప్రతి చారా కుడివైపు లావుగా మొదలై ఎడమవైపు సన్నబడుతోంది. కుంచె కుడినుంచి ఎడమకు లాగాడన్నమాట. "ఎడమచేతివాటం మనిషి" అంది మెల్లగా. ఎక్కడో ఒక కార్ఖానాలో, తనలాగే రోజూ ఇనుము ముందు కూర్చుని కర్ర పుట్టించిన మనిషి. ఆడో మగో తెలీదు. ఆ మూతను మాత్రం ముట్టుకోనని, మిగతాదంతా దానికి జోడీగా వేస్తానని డాక్టరమ్మతో చెప్పింది.

చెప్పినంత తేలిక కాలేదు. మొదటి రెండు వారాలూ రేకుముక్కల మీద వేసింది వేసినట్టు చెరిపేసింది. చేతికి టేకు అలవాటు. ఎంత తిప్పినా చారలు నిటారుగా వచ్చేసేవి. అక్రోటు కర్రను ఆమె కళ్ళారా చూసిందే లేదు.

మూడో ఆదివారం మేస్త్రీ ఎక్కడో అడిగి ఒక పాత రేడియో పెట్టె తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "ఇదిగో, అసలు సిసలు అక్రోటు. చెట్టుకు దెబ్బ తగిలినచోట మొగ్గలు బయటికి రాలేక లోపలే గుంపుకట్టి సుళ్ళు తిరుగుతాయి. నార వాటిని తప్పించుకుంటూ పోతుంది. నువ్వేమో మధ్యలోంచి దూసుకుపోతున్నావు."

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"అడిగావా?"

ఆనాటినుంచి సెలవు రోజంతా షెడ్డులోనే. ఆమె ఊడదీసిన డాష్‌బోర్డు రేకును తలకిందులుగా పెట్టుకుని వేసేది. అలాగైతే కుడిచేత్తో లాగిన చార కూడా ఆ ఎడమచేతి మనిషి చారలాగే పడుతుంది. మేస్త్రీ పక్కన పీట వేసుకుని, "అక్కడ అలా తిరగదు", "అది చేవ, ఇంకాస్త నలుపు" అంటూ ఉండేవాడు. ఉలి తగిలినచోట ఒక పెద్ద సుడి పెడదామని ఆమె, అంత పెద్దది ఏ చెట్టుకూ ఉండదని అతను ఒక పూటంతా మాటలు మానేశారు. చివరికి సుడి పెట్టారు, కాస్త చిన్నది.

వార్నిషు ఆరి, అన్నీ బిగించాక డాక్టరమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని వంగి చూసింది. పాతదేదో కొత్తదేదో పోల్చుకోలేకపోయింది. "ఎక్కండి ఇద్దరూ" అంది.

రంగులక్కను ముందు సీట్లో కూర్చోబెట్టారు. వెనక సీటు పేరుకే సీటు. మేస్త్రీ మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఇరుక్కున్నాడు. కారు పులిలా గుర్రుమంటూ రోడ్డెక్కింది. రంగులక్క ఒళ్ళో చేతులు పెట్టుకుని, దేన్నీ తాకకుండా బిగుసుకుని కూర్చుంది.

నాలుగురోడ్ల దగ్గర ఎర్రదీపం పడింది. పక్కన ఆగిన స్కూటరు మనిషి లోపలికి తొంగిచూసి, "అబ్బ, ఆ చెక్క పని చూడండి!" అన్నాడు.

అంతే, మేస్త్రీ వెనకనుంచి డాక్టరమ్మ భుజం మీదుగా తల బయటికి పెట్టాడు. "చెక్క కాదండీ బాబూ! ఇనుము! మా ఆవిడ వేసింది!"

స్కూటరతను నమ్మలేదు. పచ్చదీపం పడ్డా కదలకుండా, "ఊరుకోండి, అది చెక్కే" అన్నాడు. మేస్త్రీ కూడా తగ్గలేదు. డాక్టరమ్మకు గేరు దొరకలేదు. వెనక బళ్ళన్నీ హారన్లు మోగిస్తున్నాయి. రంగులక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ, నవ్వు మాత్రం ఆగలేదు.