సెలూన్ ఆయనకు ఆటలమ్మ పోసిన నెల

మా వీధి సెలూన్ ఆయనకి యాభై రెండేళ్ళు. రెండు కుర్చీలు, గోడంత అద్దం, వెనక చిన్న గది, అదే ఆయన రాజ్యం. "తల మీది, మాట నాది" అంటూ కత్తెరతో పాటు నోరూ ఆడించేవాడు. ఇరవయ్యేళ్ళు నా తల ఆయన చేతిలోనే ఉంది. ఆయన భయపడగా చూసింది మాత్రం ఆ ఒక్క నెలే.

ఆయన భార్యకి రెండేళ్ళ కిందట కిడ్నీ మార్చారు. ఇచ్చింది ఆవిడ సొంత అక్క. కొత్త కిడ్నీని ఒళ్ళు తరిమెయ్యకుండా ఆవిడ రెండు పూటలా మాత్రలు వేసుకోవాలి. ఆ మాత్రలు కిడ్నీని కాపాడతాయి గానీ రోగాలతో పోట్లాడే బలాన్ని జోకొట్టి పడుకోబెడతాయి. అందుకే ఆయన ఇంటికెళ్ళగానే గుమ్మం బయటే చొక్కా విప్పి, మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని గానీ లోపలికి అడుగుపెట్టేవాడు కాదు. ఎవరైనా నవ్వితే, "మా ఆవిడ గాజుబొమ్మ. కాకపోతే అరిచే గాజుబొమ్మ" అనేవాడు.

ఒకరోజు రిటైరైన పోస్టుమాస్టరు గారు క్షవరానికి వచ్చారు. ఎడమ చెవి వెనక మూడు రోజులుగా ఒకటే మంట అన్నారు. జుట్టు పైకి ఎత్తితే దండ గుచ్చినట్టు నీటి పొక్కులు.

"ఇవేంటి సార్?"

"చెమటకాయలయ్యా. నువ్వు కానియ్."

దువ్వెన తగిలి రెండు పొక్కులు చితికాయి. సెలూన్ ఆయన ఆ నీటిని వేలితో తుడిచేసి పనిలో పడిపోయాడు. అది అక్కి అని మర్నాడు తెలిసింది. అక్కి ఒకరి నుంచి ఒకరికి అంటదనుకున్నాం అందరం. ఆయనా అంతే అనుకుని మర్చిపోయాడు.

పదహారో రోజు పొద్దున నేను గడ్డానికి వెళ్ళాను. ఒళ్ళు నొప్పులు, రాత్రి నుంచి జ్వరం అన్నాడు. చెమట పట్టిందని చొక్కా బొత్తాలు విప్పి అద్దంలో చూసుకున్నాడు. పొట్ట మీద, ఛాతీ మీద ఎర్రటి మచ్చలు. కొన్నిటి మీద నీటిబొట్టు నిలబడినట్టు పొక్కులు.

ఆయన చేతిలోని బ్రష్ కిందపడింది. షట్టర్ సగం దించి ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏమే, నేను ఇంటికి రావట్లేదు. నా దుప్పటి, నా గ్లాసు ముట్టుకోకు. కిటికీలన్నీ తెరువు."

"ఏమైందండీ?"

"ముట్టుకోకు అన్నానా!" అని అరిచి ఫోన్ పెట్టేశాడు.

నాకు చిన్నప్పుడే ఆటలమ్మ వచ్చిపోయింది కాబట్టి నేనే తీసుకెళ్ళాను డాక్టరమ్మ దగ్గరికి. ఆవిడ చూడగానే పోల్చేసింది.

"పెద్దవాళ్ళకి ఇది పిల్లలకొచ్చినంత తేలిగ్గా పోదు. ఊపిరితిత్తులకి పాకొచ్చు. ఇవాళే మాత్రలు మొదలుపెట్టండి. ఆయాసం వస్తే ఒక్క గంట కూడా ఆగొద్దు."

"నా సంగతి వదిలెయ్యండమ్మా. మా ఆవిడ..." కిడ్నీ మాట చెప్పాడు.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "నిన్న, మొన్న ఇంట్లోనే ఉన్నారా?"

"ఉన్నాను. కానీ అప్పటికి ఒంటి మీద ఒక్క మచ్చ కూడా లేదు."

"మచ్చ కనపడటానికి రెండు రోజుల ముందు నుంచే ఈ వైరస్ గాల్లోకి వెళ్తుందండీ."

ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. రెండు రోజులూ భార్య పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు. మాత్రలు తన చేత్తోనే అందించాడు.

ఆవిడకి చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందో లేదో ఎవరికీ తెలీదు. ఆవిడ అక్కకి ఫోన్ చేస్తే సంగతి తెలిసింది. "నాకు పోసింది మరిదీ. అప్పుడు అమ్మ దాన్ని పెద్దమ్మ వాళ్ళింటికి పంపేసింది, దానికి అంటకూడదని."

రక్తపరీక్ష కూడా అదే చెప్పింది. ఆవిడ ఒంట్లో ఈ వైరస్‌ని గుర్తుపట్టే రక్షణ లేదు. టీకా వేద్దామంటే అందులో ఉండేదీ బలం తగ్గించిన వైరసే, ఆవిడ ఒళ్ళు దాన్ని కూడా ఆపలేకపోవచ్చు. వేరేవాళ్ళ రక్తం నుంచి తీసిన రక్షణ మందుని మర్నాడే ఇంజెక్షన్‌గా ఇచ్చారు. "ఇది గ్యారంటీ కాదు. ఇరవై ఎనిమిది రోజులు కనిపెట్టుకుని ఉండాలి" అన్నారు.

ఆయన సెలూన్ వెనక గదిలోనే పడుకున్నాడు. నేను గుమ్మం దగ్గర గిన్నె పెట్టి వచ్చేవాణ్ణి. ఒళ్ళంతా పొక్కులు, నోట్లో కూడా. నాలుగో రోజు దగ్గు మొదలైతే ఎక్స్‌రే తీయించాం. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. ఆ మాట చెప్పినా ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. "ఆవిడకి జ్వరం చూశారా? ఎంతుంది?" అంతే, ఇంకో మాట లేదు.

పోస్టుమాస్టరు గారి పేరెత్తితే మండిపడేవాడు. "చెమటకాయలట! నిలువునా ముంచాడు!"

డాక్టరమ్మే సర్దిచెప్పింది. "ఆయనకి ఏడేళ్ళప్పుడు ఆటలమ్మ వచ్చిందట. తగ్గినా వైరస్ పోదు, నరాల వేళ్ళలో దాక్కుని నిద్రపోతుంది. అరవై ఏళ్ళ తరవాత లేచి అక్కిగా బయటపడింది. ఆ పొక్కుల నీరు తగిలితే, అంతకుముందు ఆటలమ్మ రానివాళ్ళకి అది ఆటలమ్మగానే వస్తుంది. ఆయనకి మాత్రం ఏం తెలుసు పాపం?"

ఆయన తన చేతులు తిప్పి చూసుకున్నాడు. "అయితే ఇక నా ఒంట్లో కూడా ఉంటుందా?"

"ఉంటుంది."

"ఎప్పుడు లేస్తుందో తెలీదు."

"అసలు లేవకపోవచ్చు కూడా. లేచినా మందులున్నాయి, ముందే రాకుండా టీకా ఉంది. కానీ పొక్కు కనపడితే మూసిపెట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకు రావాలి."

తొమ్మిదో రోజుకి పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టాయి. ఇంటికెళ్ళొచ్చు అంది డాక్టరమ్మ. ఆయన వెళ్ళలేదు. రోజూ ఇంటి ఎదురుగా అవతలి పేవ్‌మెంట్ మీద నిలబడి, ఆవిడ కిటికీలోకి వచ్చాక ఫోన్‌లో మాట్లాడేవాడు. "మెడ ఇటు తిప్పు. చేతులు చూపించు." ఆవిడ విసుక్కుంటూనే చూపించేది.

పందొమ్మిదో రోజు ఆవిడ చేతులు చూపించలేదు.

"ఏవండీ," అంది మెల్లగా, "భుజం మీద ఒకటి లేచింది."

ఆయన రోడ్డు ఎలా దాటాడో ఆయనకే తెలీదు. గంటలో ఆస్పత్రిలో ఉన్నాం. విడిగా ఒక గది, చేతికి సెలైన్, అందులోంచి మందు. మర్నాటికి పొక్కులు ఆరు, ఆ మర్నాడు పదకొండు. కాలేయం, ఊపిరితిత్తులు, కిడ్నీ, రోజూ ఏదో ఒక పరీక్ష. రిపోర్టు వచ్చేదాకా ఆయన కాలుకాలిన పిల్లిలా వరండాలో తిరిగేవాడు. వచ్చాక చదవలేక నా చేతికిచ్చేవాడు. నేను చదివేలోపు నా మొహమే చదివేవాడు.

నాలుగో రోజు పొక్కులు పెరగడం ఆగింది. ఏడో రోజుకి ఎండాయి. కిడ్నీ చెక్కుచెదరలేదు. ముందు పడ్డ ఇంజెక్షనూ, వెంటనే ఎక్కించిన మందూ కాపాడాయి అన్నారు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో ఆయన డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. ఆవిడ ఆటో ఆపించింది.

"వెనక్కి రండి."

"పర్లేదులే, ఇక్కడ గాలి వస్తోంది."

"ఎండిపోయాక అంటదని డాక్టరమ్మ చెప్పింది కదా. మీకు చెప్పిందా, గోడకి చెప్పిందా?"

నేను దిగి ముందుకెళ్ళాను. ఆయన వెనక సీటు అంచున, ఒళ్ళో చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. ఆవిడే ఒక చెయ్యి లాక్కుని పట్టుకుంది. మా వీధి మలుపు తిరిగేదాకా వదల్లేదు.