గ్రహణం పూట కోసిన చేప

నా పై పెదవి మీద కుట్టు గీత ఉంది. నేను గ్రహణం మొర్రితో పుట్టాను. నేను కడుపులో ఉండగా అమ్మ గ్రహణం పూట కత్తిపీట ముందు కూర్చుని చేప కోసిందట, అందుకే నా పెదవి చీలిందని నాయనమ్మ తీర్పు. మాది రేపల్లె దగ్గర సముద్రం మీద బతికే ఇల్లు. పడవ ఒడ్డుకొచ్చాక, గ్రహణం విడిచేదాకా చేప ఆగుతుందా? ఆ మాట అడిగే ధైర్యం అమ్మకు ఏనాడూ లేకపోయింది.

రెండు వేల నాలుగులో, నాకు ఐదో నెలప్పుడు, స్కానింగ్‌కని అమ్మా నేనూ రైల్లో తెనాలి వెళ్ళాం. నా బిడ్డకూ మొర్రి వస్తుందేమోనని బెంగ. ఆసుపత్రిలో నర్సు, "ఇంకా టైం పడుతుందమ్మా, మేడ మీద మ్యూజియం చూసి రండి" అంది. అక్కడి పెద్ద డాక్టరుగారు పాతకాలం వైద్యపు సామాన్లన్నీ పోగేసి ఒక గదిలో పెట్టారు.

గాజు బీరువాల్లో తుప్పు పట్టిన కత్తెరలు, సూదులు, ఎముకలు కోసే రంపాలు. చివరి గోడ మీద పసిపిల్లల పాత ఫోటోలు. తెల్లపిల్లలు, నల్లపిల్లలు, చైనా పిల్లలు. అందరికీ నా పెదవే. అమ్మ గబుక్కున కొంగుతో నా కళ్ళు మూసేసింది.

"చూడకే! కడుపుతో ఉన్నదానివి!"

నాకు ఒళ్ళు మండింది. "పుట్టినప్పటి నుంచీ అద్దంలో చూస్తూనే ఉన్నాగా!" అని కొంగు లాగేశాను.

గది చూసుకునే ఆవిడ మా దగ్గరికి వచ్చింది. అమ్మ ఆవిణ్ణే అడిగింది. "వీళ్ళ తల్లులందరూ గ్రహణం పూట చేప కోశారా అమ్మా?"

ఆవిడ నవ్వలేదు. "గ్రహణానికీ దీనికీ ఏం సంబంధం లేదు పిన్నిగారూ. కడుపులో మొదట్లోనే పెదవి సరిగ్గా అతుక్కోదండి, అంతే. మీరు చేప కోసినందుకు రాదండి."

అమ్మ మొహం తేటపడుతుందనుకున్నాను. పడలేదు. గోడకానుకుని నేల మీద కూలబడింది. నా పెదవి పేరు చెప్పి నాయనమ్మ అమ్మను ఏ శుభకార్యంలోనూ ముందుకు రానివ్వలేదు. నా పెళ్ళిలో కూడా గుమ్మం అవతలే నిలబెట్టింది. చిన్నప్పటి నుంచీ చూసి చూసి నాకది మామూలైపోయింది.

కింద నుంచి నర్సు నన్ను పిలిచింది. అమ్మ లేవలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "నీ బిడ్డ ఎలా పుట్టినా నీ తప్పు కాదంట. విన్నావుగా?" అంది. అంతలోనే నా చెయ్యి వదిలేసింది.

"మీ నాయనమ్మ మొన్న మాఘంలో పోయిందే. ఈ మాట ఇప్పుడు ఎవరికి చెప్పేదే?"